పై అర నీళ్ళు

తేడాగా వచ్చిన అంకెను తీసెయ్యమని ఏదో ఒక రోజు మీకు ఎవరో ఒకరు చెబుతారు. చెప్పేది చెడ్డవాళ్ళే కానక్కర్లేదు. మీకు జీతమిచ్చే మనిషి కావచ్చు, ఇంట్లో జబ్బు చేస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళిన మనిషి కావచ్చు. నాకు చెప్పినాయన ఈ రెండూ. కొత్తగా ల్యాబుల్లో చేరుతున్న పిల్లలకి నీతులు చెప్పే ఉద్దేశం నాకు లేదు. తీసెయ్యనంటే ఎవరు ఏమంటారో, ఏమేం జరుగుతుందో ముందే తెలిసుంటే భయం కాస్త తగ్గుతుందని రాస్తున్నాను.

నేను కాలేజీ చూడలేదు. తమిళనాడులో మా ఊరు కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెలు చేసే చోట పుల్లల చట్రాలు లెక్కపెట్టే పనితో మొదలుపెట్టాను. చట్రాలు ఎన్ని ఎండాయి, ఎన్ని పాడయ్యాయి, వానకారులో ఎందుకు ఎక్కువ పాడవుతాయి అని నాలో నేనే లెక్కలు కట్టుకునేదాన్ని. పాత పుస్తకాల అంగడిలో కొన్న లెక్కల పుస్తకాలతో శాతాలు, సగటులు, గ్రాఫులు గీయడం నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు అంతకన్నా ఆలస్యంగా, నలభై దాటాక నేర్చుకున్నాను. మా ఇళ్ళల్లో తెలుగు నోటికే గాని చేతికి లేదు.

తొంభైల మధ్యలో అదే ఊళ్ళో ఒక చిన్న పరీక్షల ల్యాబుకి మారాను. పొలం మట్టి, బోరు నీళ్ళు, సున్నపురాయి, ఏదొస్తే అది పరీక్షించేవాళ్ళం. యజమాని ఎక్కడో పెద్ద ఉద్యోగం చేసి సొంతూరికి తిరిగొచ్చిన కెమిస్టు. మా మనిషే, ఇంట్లో మా తెలుగే. పని చెప్పేటప్పుడు తమిళం, సంతకం పెట్టేటప్పుడు ఇంగ్లీషు, కోపమొస్తే తెలుగు. లెక్కని మా వైపు కణక్కు అంటారు గనక నన్ను ఆయన ‘కణక్కమ్మా’ అనేవాడు. మూడో మనిషి ఒక అక్క. నాకన్నా పెద్దది, భర్త పోయాడు. గాజు సామాను కడగడం, నీళ్ళు కాచి ఆ ఆవిరిని చల్లార్చి బట్టీ పట్టడం, సీసాలు నింపడం ఆమె పని. ఆమె చేతిలో ఒక్క గాజు పగలగా నేను చూడలేదు.

రెండువేల దశకం చివర్లో మా ల్యాబుకి ఎన్నడూ రాని పని ఒకటి వచ్చింది. ఒక చమురు కంపెనీ వాళ్ళు పెట్టెల్లో రాతి ముక్కలు పంపారు. బొటనవేలంత లావున గుండ్రంగా కోసిన నల్లటి ముక్కలు. షేల్ అంటారు. బురద పొరలు పొరలుగా గట్టిపడి అయిన రాయి. భూమిలో ఎంతో లోతు నుంచి తీశారట, ఎక్కడిదో మాకు చెప్పలేదు. ఆ రాతిలో నూనె ఉంటుంది, కానీ సందులు ఎంత సన్ననివంటే నూనె బయటికి రాదు. నీళ్ళు ఎక్కిస్తే కొంత వస్తుంది. ఏ నీళ్ళు ఎక్కించాలి, ఉప్పువా, ఉప్పు లేనివా? అదీ వాళ్ళ ప్రశ్న.

ఇందులోని కిటుకు ఊరగాయ పెట్టిన ప్రతి ఇంట్లోనూ తెలుసు. మామిడి ముక్కలకి ఉప్పు పట్టిస్తే ముక్కలో నీరు ఉప్పున్న వైపుకి, అంటే బయటికి వస్తుంది. షేల్‌లో ఉప్పు రాతి లోపల ఉంది. బయట ఉప్పు లేని నీళ్ళు పెడితే అవి ఉప్పు కోసం లోపలికి పోతాయి, చోటు చాలక నూనె బయటికి వస్తుంది. బయటి నీళ్ళు ఎంత ఉప్పువైతే ఈ లాగుడు అంత తగ్గుతుంది. అయితే మంచినీళ్ళకి ఇంకో గుణం ఉంది. ఈ రాతిలో బంకమట్టి ఉంటుంది. మా నల్లరేగడి వానకి ఉబ్బినట్టే అదీ ఉబ్బుతుంది, పొరలు విడిపోయి బురదై రాలుతుంది. ఆ బురద మళ్ళీ సందులకే అడ్డం పడవచ్చు. ఉప్పునీళ్ళలో రాయి గట్టిగా నిలబడుతుంది. కాబట్టి ఎటు లాభమో నోటిమాటగా చెప్పలేం. పెట్టి చూడాలి.

పెట్టి చూడటానికి మా దగ్గర ఒక బీరువా ఉండేది, లోపల సన్నని వేడి తగిలేలా ఏర్పాటు చేసింది. మూడు అరలు. పై అరలో బట్టీ పట్టిన స్వచ్ఛమైన నీళ్ళు, నడిమి అరలో కొంచెం ఉప్పు కలిపినవి, కింది అరలో సముద్రమంత ఉప్పువి. పైకి తీసేసరికి ఆరిపోయిన రాతి ముక్కకి మళ్ళీ నూనె పట్టించి, గాజు బుడ్డిలో పెట్టి నీళ్ళు నింపుతాం. బుడ్డికి పొడుగాటి సన్నని మెడ, మెడ మీద గీతలు. రాతిలోంచి వచ్చిన నూనె చుక్కలు చుక్కలుగా పైకి తేలి మెడలో చేరుతుంది. ఎన్ని గీతలు నిండిందో చూసి రాయడమే నా పని. నెలకోసారి పాత నీళ్ళు తీసేసి, ఏ అరకి ఆ అర నీళ్ళే కొత్తగా నింపాలి. అది అక్క పని.

మొదట్లో పై అర దూకుడు చూసి యజమాని మురిసిపోయాడు. మంచినీళ్ళలో పెట్టిన రాళ్ళు మిగతావాటికంటే చాలా ముందు నూనె వదిలాయి. అడుగున బురద కూడా రాలుతోంది, కాని నూనె మాత్రం ఎక్కువే.

ఆ వేసవిలో నేను సున్నపురాయి నమూనాల పని మీద ఆలంగుళం వైపు వెళ్ళి కొన్నాళ్ళు ఉండాల్సి వచ్చింది. తిరిగొచ్చి బీరువా తెరిస్తే పై అర నెమ్మదించింది. నూనె వస్తోంది గాని ఆ దూకుడు లేదు. బురద రాలడం ఆగిపోయింది. రాళ్ళు అలసిపోయాయేమో అనుకోవచ్చు. నేను అనుకోలేదు. నీళ్ళలో ఉప్పు చూసే మీటరు ముంచాను. ముల్లు సున్నా దగ్గర ఉండాల్సింది, చాలా పైకి పోయింది. రాతిలోంచి దిగిన ఉప్పు అంత ఉండదు. ఒక్కో రాతిలో ఎంత ఉప్పు ఉండొచ్చో నేను ముందే కట్టి పెట్టుకున్నాను. మొత్తం దిగినా అందులో నాలుగోవంతు కూడా రాదు. మిగతా ఉప్పు బయటి నుంచి వచ్చింది. పెరట్లో బోరు నీళ్ళకి మీటరు పెట్టాను. లెక్క కలిసింది.

అక్క బుడ్లు తుడుస్తోంది.

“అక్కా, పై అరలో ఏం నీళ్ళు పోసినావు?”

ఆమె దాచలేదు. “బోరు నీళ్ళు.”

“బట్టీ నీళ్ళు ఏమాయె?”

“బట్టీకి మంచినీళ్ళు కావాలి గదా. ట్యాంకరోడు పోసిన డ్రమ్ములు నిండా ఉండె. వీధిలో ఆడోళ్ళు బిందెలు పెట్టుకోని గేటుకాడ నిలబడుండారు. కొళాయి వచ్చి ఎన్నాళ్ళాయెనో నీకు తెలీదా? వాళ్ళకి పోసేసినా.”

“నన్ను ఒక మాట అడగొద్దా?”

“అడిగితే నువ్వు కణక్కు చెప్తావు.” తుడుస్తున్న బుడ్డి పక్కన పెట్టింది. “రాతికేం దప్పికే చెల్లే? దానికి ఏ నీళ్ళైతేనేం. మన ఇండ్లల్లో గిన్నెలు గూడా మంచినీళ్ళతో కడగము. రాళ్ళు కడిగేదానికి మంచినీళ్ళా?”

కోవిల్‌పట్టిలో పెరిగిన మనిషికి ఇది తప్పుగా తోచదు. మా ఊళ్ళో ఏ ఇంట్లోనైనా రెండు నీళ్ళుంటాయి, రెండిటికీ వేర్వేరు బిందెలుంటాయి. మంచినీళ్ళు తాగడానికి, వండడానికి. మిగిలిన అన్నిటికీ బోరు. రెండేళ్ళ పిల్లకి కూడా ఏ బిందెలో చెయ్యి పెట్టకూడదో తెలుసు. ఆ నీళ్ళని తీసుకెళ్ళి రాళ్ళ మీద పొయ్యమని చెప్పాం మేము. అక్క అన్నాళ్ళు పోసిందంటే అదే గొప్ప.

యజమానికి నేనే చెప్పాను. ఆయన బీరువా తీసి పై అర బుడ్లు ఒక్కొక్కటీ చూశాడు. తర్వాత ఆయన నోటి నుంచి వచ్చింది తెలుగు.

“వారంలో కంపెనీ ఇంజనీరు విరుదునగరుకి వస్తుండాడు. ఏం జూపించేది? బోరు నీళ్ళా?”

“జరిగింది చూపిద్దాం సార్.”

“జరిగింది చూపిస్తే ఇంగ మనకి పని ఇచ్చేది ఎవురు?” తర్వాత గొంతు తగ్గించి, మర్యాదగా, “కణక్కమ్మా, పై అర మొదట్లో ఎంత వేగంగా పోయిందో నీకాడ ఉండాది గదా. ఆ గీతని అట్టే ముందుకి గియ్యి. నీకు రాని కణక్కా అది?”

“వస్తుంది సార్. గియ్యను.”

“ఎందుకు గియ్యవు?”

“ఆ గీత రాయి గీసింది గాదు గనక.”

ఆయన నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. “సరి. ఆమెని మాత్రం రేపట్నించి రావద్దను. ఇట్టాంటి మనిషి ఉంటే ఈ కత ఊరంతా తిరుగుతాది.”

అంటే లెక్క ఇదీ. నేను గీత గీస్తే ఆయన పని నిలుస్తుంది, అక్క పని పోతుంది. నేను గియ్యకపోతే ఇద్దరి పనీ పోవచ్చు, నాది కూడా. అక్కకి ఆ జీతం తప్ప ఇంకో ఆధారం లేదు. మళ్ళీ అగ్గిపెట్టెల పనికి పోయే వయసు కాదు, ఆ కళ్ళు కావు.

అక్కతో ‘రేపు రావద్దు’ అని నేను చెప్పలేదు. ఆయన చెప్పమన్నాడు, నేను చెప్పలేదు. మర్నాడు ఆమె మామూలుగా వచ్చి బుడ్లు కడిగింది. ఆయన చూసి కూడా ఏమీ అనలేదు. ముందు విరుదునగరు గండం గట్టెక్కనీ అని ఊరుకున్నాడనుకుంటాను.

విరుదునగరు స్టేషను దగ్గరి లాడ్జిలో ఇంజనీరు దిగాడు. మేమిద్దరం బస్సులో వెళ్ళాం. నా ఒళ్ళో దూది పరిచిన పెట్టె, అందులో మూడు అరల నుంచి ఒక్కో రాయి. బస్సు దిగేటప్పుడు ఆయన, “నేను మాట్లాడతా. నువ్వు అడిగినదానికే బదులు చెప్పు” అన్నాడు.

విరుదునగరు మండీ ఊరు. లాడ్జి మెట్ల దాకా మిరపకాయల ఘాటు. గుమస్తా మా పెట్టె చూసి తమిళంలో ఏం వ్యాపారమని అడిగాడు. యజమాని విసుగ్గా నూనె అన్నాడు.

“వేరుశనగా, నువ్వులా?”

“రాతి నూనె.”

“అది మండీలో చూడలేదే. రేటెంత సార్?”

యజమాని మొహం చూసి నాకు నవ్వొచ్చింది. అంత భయంలోనూ నవ్వొచ్చిందని ఇప్పటికీ గుర్తు.

ఇంజనీరు ఆంధ్రా ఆయన, గోదావరి వైపు. నా కంటే చాలా చిన్నవాడు, మర్యాదస్తుడు. మేము తెలుగువాళ్ళమని తెలిసి సంబరపడ్డాడు. నేను రెండు మాటలు మాట్లాడగానే ఆపుకోలేక నవ్వేశాడు.

“ఏమనుకోకండి. మీ తెలుగు మా అమ్మమ్మ వాళ్ళ అమ్మమ్మ మాట్లాడినట్టుందండీ.”

“అయితే నేను పెద్దదాన్ని సార్. నా మాట వినాల్సిందే” అన్నాను.

యజమాని నా కాలు తొక్కాడు.

నేను తెచ్చిన రాళ్ళను టేబులు మీద కాగితం పరిచి పెట్టాను. కింది అర రాయి చెక్కుచెదరలేదు. నడిమిది కాస్త బీటలిచ్చింది. పై అర రాయి ఒక పక్క పొరలు విడిపోయి, మిగతాది గట్టిగా ఉంది. ఇంజనీరు దాన్ని గోటితో గీకి చూశాడు.

“ఇది సగంలో ఆగిపోయిందేమిటి? ఉబ్బేది పూర్తిగా ఉబ్బాలి కదా?”

యజమాని గొంతు సవరించుకున్నాడు. “ఆ అరలో బుడ్లు కొన్ని లీకయ్యాయండీ. సీలు పోయింది. ఆ కాస్తా పక్కన పెట్టి, మొదటి వేగంతో లెక్క కట్టి ఇస్తాం.”

“లీకు కాలేదు” అన్నాను.

నేను గట్టిగా అనలేదు.

“పై అరలో నడిమధ్యన బోరు నీళ్ళు పడ్డాయి సార్. ఎప్పుడు పడ్డాయో తెలుసు, ఎంత ఉప్పో కొలిచినాను. అంతకుముందు రీడింగు మంచినీళ్ళది, తర్వాతది బోరుది. రెండూ ఉండాయి. ఊహించి రాసింది ఒక్కటీ లేదు.”

ఇంజనీరు మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు. తెలివితక్కువవాడు కాదు. యజమాని ఏం చెయ్యబోయాడో ఆయనకి అర్థమైంది, ఎందుకు చెయ్యబోయాడో కూడా.

“ఎవరు పోశారండీ?”

“ల్యాబు పోసింది.”

“అలా కాదు. పద్ధతి తప్పింది. ఎవరో ఒకరి పేరు నేను పైకి రాయాలి. అప్పుడే వాళ్ళు ఇది ఒక మనిషి పొరపాటు అనుకుంటారు. లేకపోతే మీ ల్యాబు మొత్తాన్ని అనుమానిస్తారు. మీ మంచికే చెబుతున్నాను.”

నిజంగానే మా మంచికే చెప్పాడు. యజమాని నోరు తెరుస్తున్నాడు. ఆ నోట్లో అక్క పేరు ఉంది. నేను ముందే అందుకున్నాను.

“పేరు వద్దు సార్. నీళ్ళు రాసుకోండి. ఉప్పు ఎంతో, సున్నం ఎంతో రాసుకోండి. పోసిన మనిషి పేరు మారిస్తే రాతిలోంచి వచ్చే నూనె మారుతుందా?”

“మారదనుకోండి...”

“ఇంకోటి అడుగుతా. రేపు మంచినీళ్ళే గెలిచినాయని మీరు తేల్చినారనుకోండి. బావి దగ్గరికి ఆ నీళ్ళు ఎక్కడ నుంచి తెస్తారు? ట్యాంకర్ల మీద తెస్తారు. అక్కడా గేటు దగ్గర బిందెలు పెట్టుకుని ఆడవాళ్ళు నిలబడతారు. అక్కడా ఎవరో ఒకరు వాళ్ళకి పోసేసి, మీ రాతికి బోరు నీళ్ళు పోస్తారు. ఆ రోజు ఏమవుతుందో మా పై అరలో ఉంది. మనం పక్కన పెడితే పోయేది అదే.”

అంత మాట్లాడతానని నేనూ అనుకోలేదు. ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఒప్పుకున్నానని ఆయన అనలేదు. బురద ఆగింది ఉప్పు వల్లా, బోరు నీళ్ళలో ఉన్న సున్నం వల్లా, రాతిలో వదులుగా ఉన్న మట్టంతా అప్పటికే రాలిపోవడం వల్లా అని అడిగాడు. తెలీదన్నాను. ఆయనకీ తెలీదు. చివరికి ఇంకో పెట్టె రాళ్ళు పంపుతానన్నాడు. ఈసారి ఒక అర మొదటి నుంచి చివరి దాకా మంచినీళ్ళు, ఒక అర మొదటి నుంచీ బోరు నీళ్ళు. పేరు రాసుకోలేదు.

తిరుగు బస్సులో సాత్తూరు దాటాక యజమాని కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగాడు. అప్పుడన్నాడు, “నన్ను బజార్లో నిలబెట్టినావు.”

“లేదు సార్. మీరు నిలబడబోయిన చోటు నుంచి లాగినాను.”

“నోరు మాత్రం బాగా ఉండాది.”

మర్నాడు పొద్దున ఆయన నేరుగా కడిగే తొట్టి దగ్గరికి వెళ్ళాడు. అక్క చేతులు సబ్బు నురగలో ఉన్నాయి.

“ఏమ్మా, ఆ నీళ్ళు ఎవుర్నడిగి పోసినావు?”

“అడిగింది వాళ్ళు, పోసింది నేను” అంది అక్క, తల ఎత్తకుండా.

“తప్పు అని గూడా అనవా?”

“రాళ్ళకి తప్పు చేసినా సామీ. వాటికి కావాలంటే దండం పెడతా.”

ఆయన మొహం ఎర్రబడింది. చెయ్యి గేటు వైపు చూపించబోయాడు. నేను మధ్యకి వెళ్ళాను.

“కొత్త రాళ్ళు వస్తుండాయి సార్. ఆమె నీళ్ళు నింపితేనే నేను రీడింగు తీస్తా.”

“బెదిరిస్తుండావా?”

“అవును సార్.”

ఇంతకన్నా మంచి జవాబు నాకు ఇప్పటికీ తోచలేదు. కాదనో, నా ఉద్దేశం అది కాదనో అని ఉంటే ఆయన గెలిచేవాడు. అవునంటే ఏం చెయ్యాలో ఆయనకి తెలియలేదు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మధ్యాహ్నం బయటికొచ్చి తమిళంలో నాకు పని చెప్పాడు. తమిళం వచ్చిందంటే కోపం దిగినట్టు. అక్కకి మాత్రం చాలా రోజులు ఏ భాషలోనూ ఏమీ చెప్పలేదు.

కొత్త పెట్టె వచ్చింది. అక్కే నింపింది. మంచినీళ్ళ అరకి మంచినీళ్ళు, బోరు అరకి బోరు నీళ్ళు. వీధికి కావలసినవి వేరే డ్రమ్ములో తెప్పించమని నేను అడిగాను, యజమాని గొణుక్కుంటూ తెప్పించాడు.

ఇక్కడ మీరు మేము గెలిచామని వినాలనుకుంటారు. అంత సుఖంగా లేదు. మంచినీళ్ళ అర మొదట్లో మళ్ళీ దూకింది, తర్వాత బురద పేరుకుని చతికిలబడింది. నేను గీత గీసి ఉంటే అది ఎక్కడికో పైకి పోయేది, రాళ్ళు మాత్రం అక్కడికి పోలేదు. ఆ సంగతి యజమాని గ్రాఫు చూసి తనంతట తనే గ్రహించాడు, పైకి అనలేదు. కానీ బోరు అర నా పక్షం రాలేదు. మొదటిసారి బోరు నీళ్ళు పడ్డాక రాళ్ళు నిలకడగా నూనె ఇచ్చాయి కదా, ఈసారి చాలా తక్కువిచ్చాయి. కొత్త రాళ్ళు తీసిన లోతు వేరో, వాటిలో మట్టి వేరో, మొదట మంచినీళ్ళు తాగి తర్వాత ఉప్పు తాగిన రాయి తీరే వేరో. రెండు ఫలితాలు ఒకదాని మొహం ఒకటి చూడలేదు.

ఇంజనీరు ఫోన్ చేశాడు. యజమాని స్పీకరు పెట్టాడు, నేను వినాలని.

“రెండు బోరు వరుసలూ పొసగడం లేదండీ. మొదటిది ఎలాగూ సగంలో మారినది. దాన్ని తీసేసి, రెండోది ఒక్కటీ ఉంచుదామా? రిపోర్టు శుభ్రంగా ఉంటుంది. ఆ గొడవ కూడా ఎక్కడా కనబడదు.”

యజమానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు. అందరి పరువూ దక్కుతుంది. కంపెనీ వైపు నుంచే అడుగుతున్నారు. నేను నోరు తెరవబోయాను. యజమాని చెయ్యెత్తి నన్ను ఆపాడు. తొట్టి దగ్గర అక్క కూడా నీళ్ళు కట్టేసి వింటోంది.

“వద్దండీ” అన్నాడాయన ఫోన్లో. ఆ మనిషి కంపెనీవాళ్ళతో తెలుగులో గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి విన్నాను. “రెండూ ఉంటాయి. పోసిన మనిషి గూడా మా కాడ పనిలోనే ఉంటాది.”